ఆ చివరి ఏడు కిలోమీటర్లలో ఏం జరిగిందో అక్కను అడిగారా?

ప్రశ్న: మాది నల్లగొండ. నాకు 37 ఏళ్లు, బ్యాంకులో పనిచేస్తాను. ఇద్దరు పిల్లలు. మా కాలనీలో ఒక అక్క ఉంది, ఆమెకు 48 ఏళ్లు, నర్సు. రెండేళ్ల కింద ఆమే నన్ను పొద్దున నడకకు తీసుకెళ్లింది. నడక మెల్లగా పరుగైంది. పానగల్లు చెరువు కట్ట మీద పరుగెత్తే గ్రూపులో ఇద్దరం చేరాం. మొన్న ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు వెళ్లి హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, పరుగెత్తాం. మొదటి నుంచీ అక్క ముందు, నేను ఆమె వెనకే. 14 కిలోమీటర్ల బోర్డు దగ్గరికి వచ్చేసరికి వాచీలో 1 గంట 35 నిమిషాలు. అక్కడ అక్క "నువ్వు పోవే, నాకోసం ఆగకు" అంది. నేను వెళ్లిపోయాను. 2 గంటల 21 నిమిషాల్లో ముగించాను. నిరుడు నాకు 2 గంటల 38 నిమిషాలు పట్టింది. అక్కకు నిరుడు 2 గంటల 35, ఈసారి 2 గంటల 44.

ఆ రోజంతా గ్రూపులో నాకే అభినందనలు. అక్క ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంది. మూడు వారాలైంది, కట్ట మీదికి రావడం లేదు. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందని పెట్టేస్తోంది. ఇంట్లో మా ఆయన మెడల్ చూసి "మంచిదే గానీ, పిల్లల టిఫిన్ సంగతేంది?" అన్నారు. పొద్దున నాలుగున్నరకు నాతోపాటు లేచి గేటు తాళం తీస్తారు, అక్క స్కూటీ వచ్చేదాకా బయట నిలబడతారు. కానీ నా పరుగు గురించి ఒక్క మాట అడగరు. అత్తమ్మ అయితే "మోకాళ్లు అరిగి మంచాన పడతవు" అని రోజూ అంటుంది. నేను ఆరోజు అక్క కోసం ఆగాల్సిందా? ఈ పరుగు మానేస్తే అందరూ మామూలుగా ఉంటారేమో అనిపిస్తోంది.

జవాబు: ముందుగా మీకు నా అభినందనలు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటి పని, వీటి మధ్య ఏడాదిలో 17 నిమిషాలు తగ్గించుకోవడం మామూలు విషయం కాదు. మీ ఉత్తరమంతా మిగతావాళ్ల మొహాలు ఎలా ఉన్నాయనే రాశారు. మీకు ఎలా ఉందో ఎక్కడా రాయలేదు. ఫినిష్ లైన్ దాటినప్పుడు కలిగిన సంతోషం మీ కష్టార్జితం. దాన్ని ఎవరి కోసమూ తగ్గించుకోకండి.

ఇక అక్క విషయం. మీరు రాసిన అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. మీరూ ఒకసారి చూడండి, ఎందుకంటే గ్రూపులో ఎవరూ చూసినట్టు లేరు. నిరుటి వేగంతోనే అయితే 14 కిలోమీటర్లకు మీకు సుమారు 1 గంట 45 నిమిషాలు పట్టాలి. ఈసారి 1 గంట 35 నిమిషాలకే అక్కడున్నారు. అంటే మీకు తగ్గిన 17 నిమిషాల్లో 10 నిమిషాలు అక్క వెనక పరుగెత్తినప్పుడే తగ్గాయి. మిగతా 7 నిమిషాలు మీరు ఒంటరిగా తగ్గించారు. ఆ రెండో భాగం పూర్తిగా మీదే, అందులో సందేహం లేదు.

ఇప్పుడు ఆమె లెక్క. నిరుటి వేగంతో ఆమె ఆ బోర్డు దగ్గరికి 1 గంట 43 నిమిషాలకు రావాలి. ఎనిమిది నిమిషాలు ముందే వచ్చింది. తన శక్తికి మించిన వేగంతో, మీ ముందు పరుగెత్తింది. ఆ తర్వాత మిగిలిన ఏడు కిలోమీటర్లకు ఆమెకు 69 నిమిషాలు పట్టింది. కిలోమీటరుకు పది నిమిషాలకు దగ్గర. అది పరుగు వేగం కాదమ్మా, చాలా మేరకు నడిచి ఉంటుంది. మీరిద్దరూ రోజూ పరుగెత్తేది చదునుగా ఉండే చెరువు కట్ట మీద. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల ఎక్కుడు దిగుడు, పైగా ఆగస్టు ఉక్కపోత. మొదట్లోనే వేగంగా పోయినవాళ్లకు ఆ రోడ్డు చివర్లో చుక్కలు చూపిస్తుంది.

ఆమె కావాలనే మీకు పేసర్‌గా, అంటే ముందుండి వేగం పట్టి ఇచ్చే మనిషిగా, నిలబడిందా, తనకూ మంచి టైమ్ వస్తుందనుకుని పరుగెత్తి దెబ్బతిన్నదా, లేక ఒంట్లో ఏదైనా ఇబ్బంది వచ్చిందా, అది ఆమెకే తెలుసు. నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. కానీ ఆ ఏడు కిలోమీటర్లలో ఏం జరిగిందని ఈ మూడు వారాల్లో ఆమెను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో మీరు అడిగినట్టు కూడా లేదు. ఫోన్ చేశారు, సరే. "ఎందుకు రావట్లేదు?" అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు "డ్యూటీ ఉంది" అనే జవాబే వస్తుంది.

మీరు ఆగాల్సిందా అని అడిగారు. అక్కర్లేదు. పొమ్మన్నది ఆమే. పరుగు తెలిసిన మనిషి పోటీ మధ్యలో ఆ మాట ఊరికే అనదు. మీరు ఆగి ఉంటే ఇద్దరి టైమూ పోయేది, ఆమె కష్టమూ వృథా అయ్యేది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ అనే ఇంగ్లండ్ రన్నర్ మైలు దూరాన్ని మొదటిసారి నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రోజు మొదట క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే అతని ముందుండి వేగం పట్టి ఇచ్చారు. చివరి చుట్టులో బానిస్టర్ వాళ్ల కోసం ఆగలేదు, ఆగాలని వాళ్లూ అనుకోలేదు. కానీ ఇప్పటికీ ఆ రికార్డు కథ చెప్పేవాళ్లు ఆ ఇద్దరి పేర్లు కలిపే చెబుతారు. బ్రాషర్ రెండేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డంకులు దాటుతూ పరుగెత్తే పోటీలో, బంగారు పతకం కూడా గెలిచాడు. మీరు ముందుకు పోవడంలో తప్పులేదు. లోటు జరిగింది పోటీ అయ్యాక, గ్రూపులో. అక్కడ అక్క పేరు ఎవరూ ఎత్తలేదు.

మన గ్రూపులన్నింటిలోనూ ఇదే జరుగుతోంది. ఒకరు సర్టిఫికెట్ ఫొటో పెడతారు, వెంటనే "సూపర్", "కంగ్రాట్స్", చప్పట్ల బొమ్మలు వరుసకడతాయి. అవి పెట్టేవాళ్లది మంచి మనసే. కాకపోతే అవన్నీ అంకె తగ్గినవాళ్ల వైపే పోతాయి. అంకె పెరిగినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక మౌనంగా ఉంటారు. మూడు గంటలు ఎండలో, ఉక్కలో కాళ్లీడ్చుకుంటూ వచ్చినవాళ్లు కూడా అదే లైను దాటారు, అదే మెడల్ వేసుకున్నారు. ఆ మౌనం వాళ్లకు ఎలా తగులుతుందో ఎవరూ ఆలోచించరు. నిజమైన ప్రోత్సాహంలో చూసిన సంగతి ఒకటి ఉండాలని నా అభిప్రాయం. "పదో కిలోమీటరు ఫ్లైఓవర్ మీద నువ్వు చేతులు తక్కువగా ఊపుతూ చిన్న అడుగులు వేశావు, అది చూసి నేనూ అలాగే ఎక్కాను" అంటే అది వంద చప్పట్ల బొమ్మల పెట్టు. టైమ్ బాగా వచ్చినా రాకపోయినా ఆ మాట చెప్పొచ్చు.

కాబట్టి ఫోన్లు ఆపి ఇంటికి వెళ్లండి. నైట్ డ్యూటీ దిగివచ్చిన పొద్దున మాత్రం వద్దు, ఆమెను నిద్రపోనివ్వండి. సెలవు రోజు సాయంత్రం చూసుకోండి. పిల్లలను వెంట తీసుకెళ్లకండి, మాట సాగదు. "14 దగ్గర నన్ను పొమ్మన్నావు, తర్వాత నీకేమైంది అక్కా?" అని అడగండి. అడిగాక ఆగండి. కాసేపు ఆమె టీ పెడతాననో, ఏం లేదులే అనో అంటుంది. అననివ్వండి. రెండోసారి కూడా అదే అడగండి.

కొన్ని మాటలు మాత్రం నోట రానివ్వకండి. "సారీ అక్కా, నేను ఆగాల్సింది" అనొద్దు. అంటే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. "వచ్చేసారి నువ్వే ఫస్ట్" అనొద్దు, అది పిల్లలకు చెప్పే మాట. అన్నిటికన్నా ముఖ్యంగా "ఈ వయసులో ఇంత చేయడమే గొప్ప" అనొద్దు. మీకు పరుగు నేర్పిన మనిషిని ఒక్క ముక్కతో ముసలిదాన్ని చేసినట్టవుతుంది. 14 కిలోమీటర్ల లెక్క మీరు చూశారని, అందులో పది నిమిషాలు ఆమె వెనక ఉన్నప్పుడే తగ్గాయని చెప్పండి. అదే గ్రూపులో రాయనా అని అడగండి. వద్దంటే రాయకండి. ఇలాంటివి నలుగురిలో రావడం కొందరికి ఇష్టముండదు.

ఇంకో సంగతి, ఇది అశ్రద్ధ చేయొద్దు. ఆమె మాటల్లో గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టుండటం, కళ్లు తిరగడం, మామూలుకంటే ఎక్కువ ఆయాసం, వీటిలో ఏదైనా వినబడితే డాక్టర్ చూసేదాకా పరుగు వద్దని గట్టిగా చెప్పండి, కుదిరితే మీరే వెంట వెళ్లండి. 48 ఏళ్ల వయసులో ఆడవాళ్లకు నెలసరి మార్పులు వస్తుంటాయి, నిద్ర సరిగా పట్టదు, రక్తస్రావం ఎక్కువైతే రక్తహీనత వస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీపీ, షుగర్ ఒకసారి చూపించుకుంటే మంచిది. నర్సు కదా, ఆమెకు తెలియదా అనుకోకండి. రోజంతా పక్కవాళ్ల బీపీ చూసేవాళ్లు తమ బీపీ చూసుకోవడమే మర్చిపోతారు.

అంతా విన్నాక కూడా ఆమె మనసులో కొంచెం నొప్పి ఉండొచ్చు. తను చేయి పట్టుకుని తెచ్చిన చెల్లెలు తనను దాటిపోయింది. అది చూసి సంతోషమూ కలుగుతుంది, చివుక్కుమనడమూ ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, దానికి ఆమెను అసూయపరురాలని అనుకోకండి. ఇకమీద మీ ఇద్దరి వేగాలు వేరు. వారంలో వేగంగా పరుగెత్తే రోజు ఎవరి దారి వాళ్లది. ఆదివారం పొడవు పరుగు మాత్రం ఆమె వేగంతో కలిసి చేయండి. ఇందులో త్యాగమేమీ లేదు. పొడవు పరుగు ఎప్పుడూ పోటీ వేగం కన్నా నెమ్మదిగా, మాట్లాడుకోగలిగేలా చేయాలని కోచ్‌లే చెబుతారు. మీ శిక్షణకూ అదే మంచిది.

ఇంటి విషయానికొస్తే, మీ ఆయన అన్న మాట మిమ్మల్ని నొప్పించింది, నొప్పించే మాటే. ఆ సంగతి ఆయనకు చెప్పాలి. కానీ మీరే రాసిన ఇంకో మాట నన్ను ఆపింది. నాలుగున్నరకు లేచి, తాళం తీసి, స్కూటీ లైటు కనబడేదాకా చీకట్లో నిలబడే మనిషికి మీ పరుగు పట్టలేదని నేను అనుకోను. ఆయనకు పట్టింది మీ క్షేమం. దాని గురించి ఏం మాట్లాడాలో తెలియదు. నిమిషాలు, కిలోమీటర్లు ఆయనకు అర్థంకాని లెక్కలు. ముందు ఆ గేటు సంగతి ఎత్తండి. "రోజూ మీరు నిలబడితేనే నాకు ధైర్యం" అని చెప్పి, ఆ తర్వాత "మెడల్ రోజు మీరన్న మాటకు బాధేసింది" అనండి. ఒక ఆదివారం పిల్లలతో సహా కట్ట మీదికి రమ్మనండి. పిల్లలకు ఛాయా సోమేశ్వరాలయం చూపించినట్టూ ఉంటుంది, మీరు పరుగెత్తుతుంటే ఆయన కళ్లారా చూసినట్టూ ఉంటుంది.

టిఫిన్ ప్రశ్నను మాత్రం కోపంతో కొట్టిపారేయకండి, అది నిజంగా తేలాల్సిన పనే. మీరు పరుగెత్తే రోజుల్లో టిఫిన్ ఆయన బాధ్యత అని స్పష్టంగా మాట్లాడుకోండి. ఇడ్లీ పిండి మీరు రాత్రే రుబ్బి పెడితే పొద్దున ఆయన వండటానికి ఇబ్బందేమీ లేదు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఇది అడగడానికి మీరు మొహమాటపడాల్సిన పని లేదు.

అత్తమ్మ మాటను చాదస్తమని తోసెయ్యకండి. మన జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఆ తరం వాళ్లు ఏం చూశారో తెలుసు కదా. బోరునీళ్లలో ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయినవాళ్లను, మోకాళ్లు ముడుచుకుపోయినవాళ్లను ఇంటింటా చూశారు. మోకాలు అనగానే ఆమెకు వాళ్లే గుర్తొస్తారు. ఫ్లోరైడ్ మోతాదు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు అదని, పరుగుకూ దానికీ సంబంధం లేదని ఓపికగా చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న కీళ్లు మితమైన పరుగుతో అరిగిపోతాయనడానికి ఆధారం లేదు. మీలా సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్లలో, కదలకుండా కూర్చునేవాళ్ల కన్నా కీళ్లవాతం ఎక్కువేమీ కనబడలేదు. మోకాలి నొప్పి వారం దాటినా తగ్గకపోతే మాత్రం ఆగి డాక్టర్‌కు చూపించండి. ఈ మాట అత్తమ్మకు ముందే ఇచ్చేయండి, ఆమెకూ నిశ్చింతగా ఉంటుంది.

పరుగు మానేస్తే అందరూ మామూలుగా ఉంటారేమో అని రాశారు. అక్క మౌనం పరుగు మానేస్తే పోదు, అడిగితే పోతుంది. మీ ఆయనకు మీరు చెప్పనిది మానేసినా తెలియదు. కాబట్టి మానకండి. ఒకవేళ ఈసారి అక్క తలుపు దగ్గరే మాట తుంచేస్తే, మనసు చిన్నబుచ్చుకోకుండా వచ్చేయండి. ఆదివారం నాలుగున్నరకు మీ బండి మీద మీరే ఆమె గేటు దగ్గరికి వెళతానని ముందురోజు రాత్రి మెసేజ్ పెట్టండి. ఇన్నాళ్లూ మీ కోసం ఆమె వచ్చింది. వచ్చినా రాకపోయినా రెండు వారాలు అలా వెళ్లి చూసి, నాకు మళ్లీ రాయండి.