థైరిస్టర్ బ్రిడ్జిలో సగటు కరెంట్ లెక్క ఎలా?

ఒంగోలు డిప్లొమా విద్యార్థి ప్రశ్న ఇది: 230 వోల్టుల సింగిల్ ఫేజ్ సప్లై, నాలుగు థైరిస్టర్ల (గేటుకు సిగ్నల్ ఇస్తేనే కరెంట్ వదిలే స్విచ్‌ల) బ్రిడ్జి, అంటే ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్, 10 ఓమ్‌ల లోడు, దానికి సిరీస్‌లో పెద్ద ఇండక్టర్, ఫైరింగ్ కోణం (సైకిల్‌లో థైరిస్టర్‌ను ఆన్ చేసే చోటు) 60 డిగ్రీలు. ఒక్కో థైరిస్టర్‌లో సగటు కరెంట్ ఎంత?

ముందు లోడు సంగతి తేల్చుకోండి. సగటు వోల్టేజి 0.9 × 230 × కాస్ 60, అంటే 103.5 వోల్టులు. ఇండక్టర్ మీద సగటు వోల్టేజి సున్నా కాబట్టి దాన్ని మర్చిపోయి 10తో భాగించండి: 10.35 ఆంపియర్లు. థైరిస్టర్లు జంటగా చెరో అర సైకిల్ మోస్తాయి కనుక ఒక్కోదానికి సుమారు 5.2 ఆంపియర్లు.

ఇండక్టర్ తీసేస్తే మాత్రం ఈ ఫార్ములా పనికిరాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వోల్టేజి సున్నాకి రాగానే థైరిస్టర్ ఆగిపోతుంది, నెగటివ్ ముక్క లోడుకు చేరదు. అప్పుడు 0.45 × 230 × (1 + కాస్ 60), దాదాపు 155 వోల్టులు. లోడుకు 15.5, థైరిస్టర్‌కు 7.8 ఆంపియర్లు.

చీమకుర్తిలో గ్రానైట్ మిషన్‌కు డీసీ మోటారు ఉందనుకోండి, సగటు వోల్టేజిలోంచి బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారు తనలో పుట్టించే ఎదురు వోల్టేజి) తీసేశాకే రెసిస్టెన్స్‌తో భాగించాలి. త్రీ ఫేజ్ బ్రిడ్జి అయితే థైరిస్టర్ వాటా సగం కాదు, మూడో వంతు.

అన్నట్టు, బ్రిడ్జికి వచ్చే ఏసీ వైర్‌కు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంట్ కొలిచేది) డీసీలో పెడితే సున్నా చూపిస్తోందని కంగారు పడకండి. అక్కడ సగటు సున్నాయే.