చెయ్యి తిమ్మిరెక్కితే ముందు వేళ్లు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

చెయ్యి మొద్దుబారుతోందని రాశావు గానీ ఏ వేళ్లో రాయలేదు. మందుల మాట తర్వాత, ముందు అది తేల్చుకో. నరం ఎక్కడ నలుగుతోందో వేళ్లే చెబుతాయి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, రాత్రి నిద్రలేపి, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటోందా? చాలామటుకు అది మణికట్టు దగ్గరి ఇబ్బందే. కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టు కిందికి వంచి 60 సెకన్లు ఉంచు. ఆ వేళ్లలోనే తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. దీనికి రాత్రిపూట స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ కట్టు, కట్టుకోవాలి, కనీసం 6 వారాలు. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. చాలా స్ప్లింట్లలో లోపలి లోహపు పట్టీ మణికట్టును పైకి వంచి ఉంచుతుంది. అలా వంగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పట్టీ బయటికి తీసి తిన్నగా చేసి మళ్లీ దూర్చు. బిగించి కట్టకు, ఉన్న బాధ ఎక్కువవుతుంది.

చిటికెనవేలూ దాని పక్కవేలూ అయితే మోచేతిని అనుమానించు. మోచెయ్యి బల్లకు ఆనించడం, ఫోను చెవి దగ్గర గంటలతరబడి పట్టుకోవడం మానాలి. రాత్రి మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుంటే నిద్రలో మడతపడదు.

మెడ తిప్పినప్పుడు భుజం మీదుగా చేతిలోకి కరెంటు కొట్టినట్టు లాగితే మూలం మెడలో ఉంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో ఫిజియోథెరపీతో తగ్గుతుంది. ఎవరిచేతా మెడ విరిపించుకోకు, ఈ ఒక్కటి గట్టిగా చెబుతున్నాను.

నరాల బలానికని మాత్రలు సొంతంగా మింగకు. బీ6 విటమిన్ మోతాదు మించి నెలలతరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది. షుగరు, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించు. వీటిలో తేడా ఉన్నా తిమ్మిర్లు వస్తాయి.

బొటనవేలి మొదట్లో కండ పల్చబడినా, వస్తువులు చేజారుతున్నా ఆలస్యం చేయకు. నరం ఎలా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించి, ఆపరేషన్ అవసరమంటే వాయిదా వేయకు. కరిగిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రెండు చేతులూ మొద్దుబారి, నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా వెన్నుపాము నలుగుతున్నట్టు అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి చెయ్యి పడిపోయి మూతి వంకరైనా, మాట ముద్దగా వచ్చినా, తిమ్మిరితోపాటు ఛాతీ పట్టేసినా అది ఈ ఉత్తరం చూసుకునే సమయం కాదు, అంబులెన్స్ పిలిపించు.

ఈ వారం రోజులు ఏ వేలు, ఏ వేళ, ఏం చేస్తుండగా అన్నది కాగితం మీద రాసిపెట్టు. డాక్టరుకు ముందు అది చూపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న