అమ్మ క్యాన్సర్ వాక్‌లో నడుస్తానంటోంది, నడవనివ్వొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, కీమో రేడియేషన్ కూడా అయిపోయాయి. ట్రీట్‌మెంట్‌కి డబ్బుల్లేనివాళ్ల కోసం మా చుట్టుపక్కలవాళ్లు ఐదు కిలోమీటర్ల వాక్ పెడుతుంటే నేనూ వస్తానని పేరిచ్చేసింది. నాన్నేమో రెస్ట్ తీసుకోవాల్సిన మనిషికి రోడ్డు మీద నడకేంటని ఒకటే గొడవ. ఎవరి మాట వినాలి?

జవాబు: నాన్నగారి భయం అర్థమవుతోంది, కానీ నేను అమ్మ వైపే. క్యాన్సర్ వచ్చిన మనిషి మంచం దిగకూడదనేది పాత మాట, ఇప్పుడు చాలామంది డాక్టర్లే నడవమంటున్నారు. కీమో తర్వాత ఎంత పడుకున్నా తీరని నీరసం ఒకటి ఉంటుంది చూడండి, రోజూ కొంచెం కొంచెం నడక పెంచుకుంటూ పోతే అది తగ్గుతుంది.

అయితే ముందు ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్ డాక్టర్‌ని అడగాలి, అది కూడా ఊరికే నడవొచ్చా అని కాదు, ఐదు కిలోమీటర్లు, జనం మధ్యలో అని వివరంగా చెప్పి అడగండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, తెల్లకణాలు ఎలా ఉన్నాయో, ఎముకల్లో ఏమైనా ఇబ్బంది ఉందో ఆయనకి తెలుస్తుంది. కొన్ని కీమో మందులకి పాదాలు తిమ్మిరెక్కి కింద నేల సరిగ్గా తెలీదు, అమ్మకి అలా ఉంటే పడిపోయే ప్రమాదం ఉంది, పట్టు ఉన్న బూట్లు వేసుకుని ఎవరో ఒకరు పక్కనే నడవాలి. ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు (లింఫ్ నోడ్స్) తీసేసుంటే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది కాబట్టి బ్యాగ్ మీరే పట్టుకోండి. ఆ రోజు పొద్దున జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే వాక్ సంగతి వదిలేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

ఇక ఐదు కిలోమీటర్లూ నడిచి తీరాలని ఎవరన్నారు? టెర్రీ ఫాక్స్ అని క్యాన్సర్‌తో కాలు పోయిన ఒక కుర్రాడు 1980లో కృత్రిమ కాలుతో కెనడా మొత్తం పరిగెత్తి రీసెర్చ్‌కి డబ్బు కూడగట్టాలని బయల్దేరాడు, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాక క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకి ఆగిపోవాల్సొచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు, అయినా ఆయన పేరు మీద అప్పుడు మొదలైన రన్ ఇప్పటికీ ఏటా జరుగుతోంది, అందులో పోటీ లేదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు నడుస్తారు. అందుకే వాక్ పెట్టేవాళ్లని ముందే అడిగి మధ్యలో కూర్చునే చోటు, తిరిగి తీసుకొచ్చే బండి ఉండేలా చూసుకోండి. అమ్మ ఒక్క కిలోమీటరే నడిచినా ఆమె పేరు మీద వచ్చే డబ్బు పేషెంట్లకి అందుతుంది కదా.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఇలాంటి చోట జబ్బు నయమైనవాళ్లని స్టేజీ ఎక్కించి మైక్ చేతికిచ్చేస్తుంటారు, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడతారు. అమ్మకి ఇష్టమైతే సరే, లేకపోతే మామూలుగా నలుగురితో నడవడానికే వచ్చిందని నిర్వాహకులకి ముందురోజే మీరు చెప్పెయ్యండి.