సహాయక బృందాలు వెళ్లిపోయాకే అసలు ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. తర్వాత విపత్తు నిర్వహణ చదువుతానంటోంది. శిథిలాల్లో మనుషులను వెతికే పని ఆడపిల్లకెందుకని ఇంట్లో అందరి మాట. అసలు ఉద్యోగాలుంటాయా? - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: శిథిలాల్లో పనైనా ఆడపిల్లకు తగనిదని నేను అనుకోను. అయితే ఆ పని కొద్ది రోజుల్లో ముగుస్తుంది. ఊరిని తిరిగి నిలబెట్టడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. సివిల్ చదివినవారి అవసరం అక్కడే ఎక్కువ.

2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపం 13 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత గుజరాత్ ప్రభుత్వం చాలా పల్లెల్లో ఇల్లు కట్టుకునే డబ్బును విడతలవారీగా యజమానుల చేతికే ఇచ్చింది. కట్టుబడి భూకంపాన్ని తట్టుకునేలా ఉందని ఇంజనీరు ధ్రువీకరిస్తేనే తర్వాతి విడత. వేలమంది మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. భుజ్ పాత పట్టణంలో ఇరుకు సందులను వెడల్పు చేయడానికి చాలామంది స్థలాల్లోంచి కొంత తీసుకోవలసి వచ్చింది. అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి, నీ స్థలంలో ఇంత రోడ్డుకు పోతుందని చెప్పాలి. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. లెక్కలు వచ్చినంత మాత్రాన అది చేతకాదు.

2005 చట్టంతో ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు, దాని కింద రాష్ట్ర, జిల్లా సంస్థలకు చట్టబద్ధత వచ్చింది. వాటిలో చాలా కొలువులు ఒప్పంద పద్ధతిలోనివే. ఇది ముందే తెలుసుకోండి. అందుకే స్వల్పకాలిక డిప్లొమాను నమ్ముకోవద్దు. బీటెక్ గట్టిగా పూర్తిచేసి, ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసి, భూకంప ఇంజనీరింగ్ వైపు వెళ్లనివ్వండి. రూర్కీ ఐఐటీలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ప్రజలతో పని చేయడం ఇష్టమైతే ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థను చూడండి. నిర్మాణ నిపుణురాలికి విపత్తులు లేని రోజుల్లోనూ డిజైన్ కార్యాలయాల్లో, పాత భవనాలను బలపరిచే పనుల్లో ఉపాధి ఉంటుంది.

ఈ సెలవుల్లో ఒంగోలులోనే ఏదైనా అపార్టుమెంటు కడుతున్న చోటికి పంపండి. స్తంభాల్లో నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగుల కొసలను 135 డిగ్రీలు వంచి లోపలికి తిప్పారా, 90తో సరిపెట్టారా అని చూడమనండి. భూకంపంలో 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుపోతుంది. ఆ తేడాను మేస్త్రీకి నొప్పించకుండా ఎలా చెప్పాలో కూడా అక్కడే నేర్చుకుంటుంది.