తయారీ ఆగిపోయిన మోడల్, ఇంకా తిరగని కొత్త బండి: అమెరికాలో కొనేముందు

ప్రశ్న: అమెరికా వచ్చి కొద్ది నెలలైంది. ఒక షోరూంలో రెండు మూడేళ్ల కిందటి మోడల్ బైక్ అమ్ముడుపోకుండా ఉంది. ఆ మోడల్ తయారీ ఆపేశారట. కొత్తదే, కానీ బాగా తగ్గించి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, మంచి బేరమే కావచ్చు కూడా. అయితే వాళ్లు ఎందుకు తగ్గిస్తున్నారో తెలిస్తేనే ఇంకెంత తగ్గించమనాలో మీకు తెలుస్తుంది. డీలర్లు షోరూంలోని బళ్లను ఎక్కువగా ఫ్లోర్ ప్లాన్ అనే అప్పు మీద తెచ్చి పెడతారు. బండి అమ్ముడయ్యేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కొంత గడువు దాటాక అసలు కూడా కొంచెం కొంచెంగా కట్టాల్సి వస్తుంది. రెండేళ్లుగా కదలని బండి డీలరుకు నెత్తి మీద బరువే. పైగా మిగిలిపోయిన బళ్లను వదిలించుకోవడానికి కంపెనీలు రిబేటు ఇస్తుంటాయి. చీటీ మీది ధరలో ఆ రిబేటు కలిసి ఉందా లేదా అని సూటిగా అడగండి. మంచు పడే రాష్ట్రాల్లో చలికాలమే బేరానికి అనువైన కాలం.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఆగిపోయింది ఏమిటన్నది. రంగులు మార్చి మరుసటి ఏడాది అదే బండి మళ్లీ వచ్చి ఉంటే, మిగిలిపోయిన పాత ఏడాది బండిని నాన్ కరెంట్ అంటారు, దాంతో పెద్ద చిక్కేమీ లేదు. మోడలే ఆగిపోతే, దాని ఇంజన్ ఇంకో మోడల్లో కొనసాగుతోందా అని చూడాలి. మొత్తం బ్రాండే మూతపడితే లెక్క వేరు. హార్లీ డేవిడ్‌సన్ 2009 అక్టోబరులో తన బ్రాండు బ్యూయెల్‌ను ఆపేసినప్పుడు, ఎక్స్‌బీ బళ్లకు హార్లీ సొంత మోడల్ స్పోర్ట్‌స్టర్ ఆధారంగా చేసిన ఇంజన్ ఉండేది, 1125ఆర్‌కు మాత్రం ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ ఇంజన్. ఒకే బ్రాండు, ఒకే రోజు మూత. అయినా ఇంజన్ పార్టుల సంగతి రెండింటికీ ఒకటి కాదు. పొలారిస్ కంపెనీ 2017 జనవరిలో తన విక్టరీ బ్రాండును ఆపుతూ పదేళ్లపాటు పార్టులు ఇస్తామని చెప్పింది. అలాంటి మాట ఉంటే ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో లెక్కేసుకోండి, మీరు కొన్న రోజు నుంచి కాదు, వాళ్లు ప్రకటించిన రోజు నుంచి. హార్లీ స్ట్రీట్ 750 మనవాళ్లకు తెలిసిన బండే, హర్యానాలోని బావల్‌లో కూడా తయారైంది. అది రెండు దేశాల్లోనూ ఆగిపోయింది కాబట్టి ఇండియా నుంచి పార్టులు తెప్పించుకోవచ్చులే అన్న ధీమా పనికిరాదు.

పార్టులన్నీ ఒక్కసారే కరువవవు. చైన్, బ్రేక్ ప్యాడ్లు, బేరింగులు, ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు బయటి కంపెనీలు ఏళ్ల తరబడి చేస్తూనే ఉంటాయి. ముందుగా దొరకనివి ఆ మోడల్‌కే ప్రత్యేకమైనవి: ఫెయిరింగ్ (బండి పైతొడుగు) ప్లాస్టిక్కులు, హెడ్‌లైట్, మీటర్ క్లస్టర్, వైరింగ్, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ. పార్కింగులో ఒక్కసారి పక్కకు పడితే పగిలేవి కూడా సరిగ్గా అవే. అందుకే ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకున్న స్పోర్ట్ బైక్ కంటే ఇంజన్ బయటికి కనిపించే సాదా బండి ఇలాంటి కొనుగోలుకు మేలు.

ధర విషయంలో అడగాల్సింది అవుట్ ద డోర్ మొత్తం, అంటే అన్నీ కలిపి కట్టాల్సిన ఆఖరి ధర, ఒక్కటే. చీటీ మీద వెయ్యి డాలర్లు తగ్గించి, ఫ్రైట్ (రవాణా), సెటప్ (బిగింపు), డాక్ (కాగితాల) ఫీజుల పేరుతో ఆ వెయ్యీ తిరిగి లాగేయడం చాలా మామూలు. పన్ను, రిజిస్ట్రేషన్ సహా ఆఖరి అంకె ఈమెయిల్లో తెప్పించుకోండి. దాన్ని అదే మోడల్, అదే ఏడాది, తక్కువ మైళ్లు తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి ధరతో పోల్చండి. ఈ ఏడాది కొత్త మోడల్ ధరతో పోలిస్తే ఎప్పుడూ లాభంగానే కనిపిస్తుంది, డీలర్ చూపించేదీ అదే. మీరు తీసుకున్న మర్నాడే బజారు దాన్ని మూడేళ్ల బండిగానే చూస్తుంది. ప్రమాదంలో బండి పూర్తిగా పోయినా, మామూలు పాలసీలో ఇన్సూరెన్స్ కట్టేది ఆ విలువే. అప్పు అంతకంటే ఎక్కువుంటే మిగిలింది మీ జేబులోంచి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు క్రెడిట్ హిస్టరీ ఉండదు, వడ్డీ ఎక్కువ పడుతుంది. వీసా గడువుకు మించి లోన్ ఇవ్వని బ్యాంకులూ ఉన్నాయి. అది ముందే కనుక్కోండి.

కాగితాల్లో రెండు చూడాలి. నిజంగా కొత్త బండి అయితే డీలర్ దగ్గర తయారీదారు ఇచ్చిన ఎంఎస్ఓ అనే పుట్టుక పత్రం ఉంటుంది. దాని బదులు టైటిల్ (యాజమాన్య పత్రం) చూపిస్తే ఇదివరకే ఎవరి పేరనో ఎక్కిందన్నమాట. అప్పుడది పాత బండే, పాత బండి ధరే ఇవ్వాలి. రెండోది వారంటీ. మామూలుగా మొదటి కొనుగోలుదారుకు అమ్మిన రోజు నుంచి అది మొదలవుతుంది. కానీ కంపెనీ టార్గెట్ల కోసం బండిని ముందే అమ్మినట్టు నమోదు చేసే డీలర్లుంటారు. విన్ నంబర్‌తో (బండి గుర్తింపు సంఖ్య) వారంటీ మొదలైన తేదీ ప్రింటు తీసి చూపించమనండి. విన్‌లో పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది: ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024. అదే నంబర్‌తో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ) సైట్లో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపు, ఉందేమో చూసుకోండి. రీకాల్ పని పూర్తి చేయకుండా కొత్త బండిని డెలివరీ ఇవ్వడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

ఇక బండి దగ్గరికి వద్దాం. అసలు సమయం పెట్టాల్సింది ఇక్కడే. క్రేట్ (కంపెనీ నుంచి వచ్చిన పెట్టె) విప్పకుండా మిగిలిపోయిన బండి, షోరూంలో మెరుస్తూ నిలబడ్డ దానికంటే చాలాసార్లు మెరుగు. షోరూం బండిలో పెట్రోల్ పోసి, ఒకసారి స్టార్ట్ చేసి, అలాగే వదిలేసి ఉంటారు. ఇక్కడి పెట్రోల్లో ఎక్కువగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. పెట్రోల్లోని తేలికైన భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. కార్బ్యురేటర్ బండి అయితే ముందుగా పూడుకుపోయేది తక్కువ వేగంలో పెట్రోల్ అందించే పైలట్ జెట్, దాని రంధ్రం అంత సన్నం. చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతుంటే కారణం ఎక్కువగా అదే. ఇంజెక్షన్ బండిలో దెబ్బ పంపుకూ ఇంజెక్టర్లకూ తగులుతుంది. ట్యాంకు మూత తీయించి టార్చి వేసి చూడండి. పుల్లటి వార్నిష్ వాసన వచ్చినా, అతుకుల దగ్గర తుప్పు కనిపించినా ట్యాంకు కడగాల్సిందే.

బ్యాటరీని చార్జర్ నుంచి తీసిన కొన్ని గంటల తర్వాత కొలిపించండి. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర నిలబడాలి. నెలల తరబడి 12 కింద పడి ఉన్నదాన్ని చార్జి చేస్తే ఆ రోజుకు స్టార్ట్ అవుతుంది గానీ ప్లేట్ల మీద పేరుకున్న సల్ఫేట్ పోదు, మొదటి చలికే మొండికేస్తుంది. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 3520 అంటే 2020లో 35వ వారం. ఐదేళ్లు దాటినవాటిని ట్రెడ్ (టైరు గాళ్లు) ఎంత నిండుగా ఉన్నా మార్పించడం మంచిది. రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. బ్రేక్ ఫ్లూయిడ్ వాడినా వాడకపోయినా రెండేళ్లకు మార్చాలి. అది నీటిని పీల్చుకుంటే ఏబీఎస్ యూనిట్ లోపల తుప్పు పడుతుంది, ఆ యూనిట్ ఖరీదు చిన్నది కాదు. ఫ్రంట్ ఫోర్కును నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి, ట్యూబు మీద నూనె ఉంగరం మిగిలిందేమో చూడండి.

కొత్త బ్యాటరీ, తాజా పెట్రోల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, ఇంజన్ ఆయిల్, అవసరమైతే టైర్లు. ఇవన్నీ డీలర్ ఖర్చుతో అని బయ్యర్స్ ఆర్డర్ (కొనుగోలు ఒప్పందం) మీదే రాయించండి. నోటిమాటగా ఒప్పుకున్నది సంతకం పెట్టాక ఎవరికీ గుర్తుండదు.

వేరే రాష్ట్రంలో చవగ్గా దొరికిందని పరిగెత్తేముందు, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు, బండి మీది ఎమిషన్ లేబుల్ (పొగ ప్రమాణాల చీటీ) చదవండి. కాలిఫోర్నియా ధ్రువీకరణ లేని బండి 7,500 మైళ్ల లోపు తిరిగి ఉంటే దాన్ని కొత్తదిగా లెక్కగట్టి, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ రిజిస్టర్ చేయరు. డబ్బు కట్టేసి, ట్రక్కులో తెచ్చుకుని, డీఎంవీ (బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలుసుకోవడం చాలా ఖరీదైన పాఠం.

లైసెన్సు మీద మోటార్‌సైకిల్ అనుమతి, అంటే ఎం క్లాస్, రాకముందే బండి తెచ్చుకోకండి. ఎంఎస్ఎఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) బేసిక్ కోర్సు చేస్తే చాలా రాష్ట్రాల్లో రోడ్డు టెస్ట్ మినహాయిస్తారు.

డెలివరీ రోజే పార్ట్స్ కౌంటర్ దగ్గర ఒక క్లచ్ లివరు, ఒక బ్రేక్ లివరు, రెండు అద్దాలు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తీసుకోండి. తాళం చెవిలో చిప్ ఉంటే మూడో చెవి కూడా అప్పుడే ప్రోగ్రామ్ చేయించుకోండి. కొన్ని బళ్లలో చెవులన్నీ పోతే ఈసీయూతో సహా మార్చాల్సి వస్తుంది, ఆగిపోయిన మోడల్‌కు అది దొరకడమే గగనం.