పెనాల్టీ తగ్గించే ముందు ఒక్క మాట

అమ్మడూ,

నీ ఎంటెక్ ప్రాజెక్టు క్రేన్ చక్రానికీ పట్టాకీ మధ్య కాంటాక్ట్‌ని కంప్యూటర్‌లో లెక్కకట్టే సిమ్యులేషన్ అని, అదీ ప్లాస్టిసిటీతో, అంటే లోహం శాశ్వతంగా రూపు మారడాన్ని కూడా కలిపి అని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే ఎంత గర్వంగా అనిపించిందో. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఎలాస్టిక్‌గా, అంటే లోడ్ తీస్తే లోహం మళ్లీ మామూలుగా అయిపోతుందనుకుని రన్ చేసి, తాకే చోట పీడనం చెప్పే 1882 నాటి హెర్ట్జ్ సూత్రంతో పోల్చు. లోహాన్ని లాగి చూసే టెన్సైల్ టెస్ట్ కర్వ్‌ని ట్రూ స్ట్రెస్‌లోకి (సాగేకొద్దీ సన్నబడే అసలు మందం మీద లెక్కకట్టే ఒత్తిడిలోకి) మార్చి ఇవ్వు. ఇవి మీ సార్లూ చెప్తారు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి చక్రమే చేశాను. యీల్డ్ మొదలవగానే, అంటే లోహం శాశ్వతంగా లొంగడం మొదలవగానే, కన్వర్జెన్స్ ఆగిపోయేది, లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకునేది కాదు. మూడు రాత్రులు చూసి, పొద్దున్నే రిపోర్టు ఇవ్వాలన్న టెన్షన్‌లో పెనాల్టీ స్టిఫ్‌నెస్‌ని, అంటే లెక్కలో ఒక వస్తువు ఇంకోదాంట్లోకి దిగబడకుండా అడ్డుపెట్టే ఊహా స్ప్రింగ్ గట్టిదనాన్ని, వందో వంతుకి దించేశాను. గబగబా అయిపోయింది, యీల్డ్ ఎక్కడా లేదు. ముందు రన్‌లో కనిపించిన యీల్డ్ ఇప్పుడెలా మాయమైందని నన్ను నేను అడగలేదమ్మా. జూమ్ చేసి ఉంటే చక్రం పట్టాలోకి దిగబడి ఉండటం కనిపించేది. అలా దిగబడితే తాకే వెడల్పు పెరిగి పీడనం పలచబడుతుంది, లెక్క హాయిగా కుదురుతుంది, లోహం పడే బాధ మాత్రం కనిపించదు. ఆ బాధ ఎక్కువగా ఉండేది పైన కాదు, ఇలా గీతలా తాకే కాంటాక్ట్‌లో తాకే వెడల్పులో సగానికి 0.78 రెట్ల లోతున.

కొన్ని నెలలకి చక్రం మీద పెచ్చులు లేచాయి. ఫిట్టర్ ఒకటి ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు, చేప పొలుసంత, లోపలి వైపు మెరుస్తోంది. "సార్, మీ లెక్కలో ఇది రాలేదా?" అన్నాడు. ఆ క్రేన్ కిందే రోజూ మనుషులు పనిచేసేవారు. చక్రం వెంటనే మార్చారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఆ ప్రశ్న ఇంకా చెవిలో ఉంది.

అందుకే ఎంత తొందరున్నా కన్వర్జ్ అవ్వట్లేదని పెనాల్టీని దించకు. లోడ్ స్టెప్ సగం చెయ్, దిగబడటాన్ని మళ్లీ మళ్లీ సరిదిద్దే ఆగ్మెంటెడ్ లగ్రాంజ్ పద్ధతి పెట్టి చూడు, ఆ 0.78 రెట్ల లోతులోపు కనీసం నాలుగైదు ఎలిమెంట్లు (లెక్క కోసం లోహాన్ని విడగొట్టే చిన్న ముక్కలు) పడేలా మెష్ వెయ్యి. ప్రతి రన్‌కీ చక్రం పట్టాలోకి ఎంత లోతు చొచ్చుకుపోయిందో నోట్‌బుక్‌లో రాసుకో. లోడ్ తీసేసే స్టెప్ కూడా ఉండాలి, లోహంలో మిగిలిపోయే ఒత్తిళ్లు అక్కడే బయటపడతాయి.

రాత్రంతా ల్యాబ్‌లో కూర్చోకు, తిండి మానకు. ఆదివారం గాజువాక వచ్చెయ్, పెద్దమ్మ వంజరం పులుసు పెడుతుంది. ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఒత్తిళ్లు చూపే రంగుల బొమ్మ తర్వాత చూద్దాం, ముందు ఎంత చొచ్చుకుపోయిందో చూపించు.

మీ పెదనాన్న