కోడు అందరికీ కనిపిస్తే సైన్యానికి పనికొస్తుందా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ట్యాంకు నడపడం నేర్పే చిన్న సిమ్యులేటర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తానంటే, "అందరూ చూసే కోడు సైన్యానికి ఎట్లా పనికొస్తుంది? పైగా మనం చేసిన మార్పులన్నీ లోకానికి చూపించాలి" అంటూ మా లెక్చరర్ గారు ప్రాజెక్టును తిప్పి పంపారు. ఆయన మాట నిజమేనా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ లెక్చరర్ గారి రెండో అభ్యంతరానికి ముందు జవాబు చెప్పుకుందాం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువగా వాడే జీపీఎల్ లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఎవరి చేతికిస్తే వారికి సోర్స్ కోడు కూడా ఇవ్వాలే తప్ప ఊరందరికీ పంచాలన్న నిబంధన లేదు. సంస్థ లోపలే వాడుకుంటే ఆ బాధ్యత కూడా ఉండదు. కంపెనీ తయారుచేసి సైన్యానికి అప్పగిస్తే కోడు సైన్యానికే చేరుతుంది. కొనేవారికి కావలసిందీ అదే, ఎందుకంటే రేపు ఆ కంపెనీ మూతపడినా సిమ్యులేటర్‌ను తామే బాగుచేసుకోవచ్చు.

ఇక మొదటి అభ్యంతరం, అంటే రహస్యం సంగతి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన భూమి ఎత్తుల వివరాలు ఎవరికైనా దొరుకుతాయి, వాటిలో దాచవలసిందేమీ లేదు. మన ప్రాంతానికి మొదట విడుదలైనవాటిలో కొలత చుక్కల మధ్య దూరం సుమారు 90 మీటర్లు. వాటితో వరంగల్ కోటను గీస్తే ఏకశిల గుట్ట కొద్దిపాటి చుక్కలతోనే తేలిపోయి, దాని నిటారు అంచు తెరమీద మెత్తని వాలుగా మారిపోతుంది. సైన్యం సొంతంగా చేయించుకున్న సర్వే, ఫిరంగి అసలు శక్తి, దళాలు కదిలే తీరు: దాచవలసినవి ఇవి. ఇవన్నీ ఇంజిన్‌లో, అంటే సిమ్యులేటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాములో కాదు, దానికి విడిగా అందించే డేటాలో ఉంటాయి.

అమెరికాలో మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్ వారు 2002లో వచ్చిన 'అమెరికాస్ ఆర్మీ' ఆటను అన్‌రియల్ అనే వాణిజ్య ఇంజిన్ మీద తయారుచేశారు. తరువాత వారే డెల్టా3డి అనే శిక్షణ ఇంజిన్‌ను జీపీఎల్‌కు సడలించిన రూపమైన ఎల్‌జీపీఎల్ కింద అందరికీ ఇచ్చారు. అయితే మీరు దాన్ని ఎంచుకోవద్దు, దాని మీద పని ఆగిపోయి చాలా కాలమైంది. ఉచితంగా దొరికినదానికైనా నిత్యం చూసుకునే మనిషి ఉండాలన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు. దాన్ని ఎవరు చూసుకుంటారని లెక్చరర్ గారు అడిగి ఉంటే నేను ఆయన పక్షానే ఉండేవాణ్ని.

ప్రాజెక్టుకు ఓపెన్-డిస్ లైబ్రరీ తీసుకోండి. శిక్షణ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిస్ ప్రమాణానికి (ఐఈఈఈ 1278) అది ఓపెన్ సోర్స్ రూపం. ఒక్కో ట్యాంకు తన స్థానం, వేగం, దిశ తెలిపే సందేశం కనీసం 144 బైట్లు. నిలబడి ఉన్న ట్యాంకు కూడా మామూలుగా 5 సెకన్లకోసారి దాన్ని పంపాలి. మధ్యలో అవతలి కంప్యూటర్ పాత వేగాన్నిబట్టి ట్యాంకును ఊహించి కదుపుతుంది. రెండు ల్యాప్‌టాప్‌లు కలిపి, ట్యాంకు మలుపు తిరగబోతుండగా కేబుల్ పీకి లెక్చరర్ గారికి చూపించండి: రెండో తెరమీద ట్యాంకు మలుపు తిరగకుండా నేరుగా పోతూనే ఉండి, 12 సెకన్ల తరువాత మాయమవుతుంది.